జయంతి ఎవరికి? వర్ధంతి ఎందుకు?

సందేహం: మా స్కూల్లో ప్రార్థన వేళకి ‘నేటి విశేషాలు’ బోర్డు రాయడం నా పని. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి, ధ్యాన్‌చంద్, మైకేల్ జాక్సన్, అక్కినేని నాగార్జున పేర్లు వరసగా రాసి, పైన ‘జయంతులు’ అని పెట్టాను. “బతికున్న మనిషికి జయంతి ఏంటండీ టీచర్‌గారూ, ఫ్యాన్స్ చూస్తే ఊరుకుంటారా?” అని తోటి మాస్టారు ఆటపట్టించారు. కింద నందమూరి హరికృష్ణ వర్ధంతి అని రాస్తుంటే ఇంకో అనుమానం వచ్చింది. వర్ధిల్లడం అంటే పెరగడం కదా, పోయిన రోజుకు ఆ మాట ఎలా వచ్చింది? – ఒక తెలుగు ఉపాధ్యాయిని

సమాధానం: మాస్టారి మాటే ముందు చూద్దాం. నేటి వాడుక ప్రకారం ఆయన చెప్పింది నిజం. 1959లో పుట్టి మన మధ్య ఉన్న నటుడికి పుట్టినరోజు, కాస్త బరువుగా కావాలంటే జన్మదినం. జయంతి అంటే మాత్రం వినేవాళ్లకి దండ వేసిన ఫొటో కళ్లముందుకొస్తుంది. అందుకే అభిమానులకు కోపం.

అయితే ఆ తప్పు మాటలో లేదు. శ్రావణ బహుళ అష్టమి నాడు రోహిణీ నక్షత్రం కలిస్తే ఆ యోగానికి ‘జయంతి’ అని ధర్మశాస్త్ర గ్రంథాల్లో పేరు. శ్రీకృష్ణ జయంతి అలా వచ్చింది. దాన్నుంచి నృసింహ జయంతి, వామన జయంతి, హనుమజ్జయంతి, ఆ తర్వాత మహనీయుల జయంతులు. ఇందులో చావు ప్రసక్తి ఎక్కడా లేదు. ఈమధ్య ఏటా వాట్సాప్‌లో ఓ మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది: ‘హనుమంతుడు చిరంజీవి, కాబట్టి జయంతి అనకూడదు, జన్మోత్సవం అనాలి’ అని. ఇవాళ్టి వాడుకను తీసుకెళ్లి పాత మాటకు తగిలించడమే ఇది. వైశాఖ బహుళ దశమి నాడు తెలుగువాళ్లు ఏ అనుమానమూ లేకుండా హనుమజ్జయంతి చేసుకుంటూనే ఉన్నారు. అంతెందుకు, గాంధీగారు బతికుండగానే అక్టోబరు 2ను గాంధీ జయంతి అనేవారు. బతికున్నవాళ్లకు వాడకూడదన్న పట్టింపు తరవాత బిగిసింది. బిగిసింది గనక మనమూ పాటించాలి. గిడుగు వారికి (1863), ధ్యాన్‌చంద్‌కు (1905) జయంతి అనండి, నాగార్జునకు పుట్టినరోజు అనండి. మైకేల్ జాక్సన్ (1958) సంగతి అడుగుతారేమో. ‘జాక్సన్ జయంతి’ వ్యాకరణానికి అడ్డు రాదు, నా చెవికి మాత్రం కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘మైకేల్ జాక్సన్ పుట్టిన రోజు’ అంటే సరిపోతుంది. మీరు పైన ‘జయంతులు’ తీసేసి ‘జననాలు’ అని పెడితే అసలు ఈ గొడవే ఉండదు.

ఇక వర్ధంతి. మీ అనుమానం చాలా సరైనది. వృధ్ అనే ధాతువుకు పెరగడమనే అర్థం. వృద్ధి, వర్ధనం, వర్ధిల్లు అన్నీ ఆ కుదురులోవే. పక్కనే కన్నడంలో వర్ధంతి అంటే ఈనాటికీ పుట్టినరోజే. మైసూరు మహారాజు వర్ధంతి అంటే వాళ్లకు పండగ. ఆ మాట విని మన పత్రిక ఏదైనా సంతాపం వేస్తే కొంప మునిగినట్టే! తెలుగులో అదే మాట పోయిన రోజుకు స్థిరపడింది. ఎందుకంటే, నాకు తోచేది ఇది: చెడ్డ మాటను నోట పలకలేక మంచి మాటతో చెప్పడం మన ఇళ్లలో పాత అలవాటు. దీపం ఆరిపోయిందనం, కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయి అంటాం. నల్లపూసలు తెగితే ‘పెరిగాయి’ అంటారు ఆడవాళ్లు. తెగినదాన్ని పెరిగిందనే నోటికి, పోయిన రోజును వర్ధంతి అనడం కష్టమా? కాబట్టి 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో మరణించిన హరికృష్ణకూ, 1976లో అదే తేదీన కన్నుమూసిన బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాంకూ వర్ధంతి అని ధైర్యంగా రాయండి. ‘వర్ధంతి శుభాకాంక్షలు’ మాత్రం వద్దు. సోషల్ మీడియాలో అదీ కనిపిస్తోంది.

సన్యాసులు, యోగుల విషయంలో వర్ధంతికి బదులు ఆరాధన అంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన, తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన అలాంటివే. అవి తిథి ప్రకారం జరుగుతాయి కాబట్టి మీ తేదీల బోర్డులో ప్రతి ఏడూ చోటు మారతాయి.

అసలు మీ బోర్డుకు అక్షరాలా సరిపోయే సంస్కృతం మాట ఒకటుంది: తద్దినం. తత్ దినం, అంటే ‘ఆ రోజు’. కానీ ‘నేటి తద్దినాలు’ అని రాస్తే మీ హెడ్మాస్టరుగారు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. తెలుగులో తద్దినమంటే ఆబ్దికమే. ‘కొని తెచ్చుకున్న తద్దినం’ అన్న సామెత మాట సరేసరి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం, దేశానికి జాతీయ క్రీడా దినోత్సవం. రెండూ వేడుకలే కనుక ఉత్సవం చక్కగా అతికింది. అదే రోజు అణు పరీక్షల వ్యతిరేక దినం కూడా. 1949లో సోవియట్ యూనియన్ తొలి అణుబాంబును సెమిపలాతిన్స్క్‌లో పరీక్షించింది ఆ తేదీనే, 1991లో ఆ పరీక్షా కేంద్రాన్ని కజకిస్తాన్ మూసేసింది కూడా ఆ తేదీనే. దీన్ని కొందరు ‘దినోత్సవం’ అని రాస్తున్నారు. ఉత్సవం ఎవరికి? దినం చాలు. పోలీసు అమరవీరుల సంస్మరణ దినం అని అక్టోబరు 21న సరిగ్గానే అంటున్నాం కదా.

వాక్యంలో సంవత్సరం ముందు రాయండి. ‘ఈరోజు ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు’ అంటే పిల్లలు పొద్దున్నే కనుగొన్నాడనుకుంటారు. ‘1831లో ఇదే తేదీన’ అంటే చిక్కు లేదు.

ఇక ఎన్నో జయంతి అన్న లెక్క. పుట్టిన రోజునే మొదటి జయంతిగా లెక్కించకూడదు. 1863లో పుట్టిన గిడుగు వారి మొదటి జయంతి 1864లో, శతజయంతి 1963లో. ఎన్టీఆర్ శతజయంతి ఉత్సవాలు 2022 మే 28న మొదలయ్యాయి కాబట్టి శతజయంతి ఆ రోజే అనుకున్నవాళ్లున్నారు. అది నూరో ఏడు ప్రవేశించిన రోజు. ఆయన పుట్టింది 1923లో, శతజయంతి 2023 మే 28. వర్ధంతికీ ఇదే లెక్క: హరికృష్ణ ప్రథమ వర్ధంతి 2019లో. ఈ ఏడులోంచి ఆ ఏడు తీసేసి, వచ్చిన అంకె వేయండి. ఒకటి కలపకండి.