పాపకి క్యాన్సర్ రీసెర్చ్ వద్దంటున్న నాన్నగారికి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చేపల చెరువులు చేస్తుంటాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. డీఎన్‌ఏ దెబ్బతింటే కణం ఏం చేస్తుంది, అందులోంచి క్యాన్సర్ ఎలా వస్తుంది అనే దాని మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మా అమ్మ డెబ్బై దాటాక రొమ్ము క్యాన్సర్ వచ్చి పోయింది. పాప మళ్లీ ఆ జబ్బు చుట్టూ తిరగడం నాకు ఇష్టం లేదు. చెరువు తాకట్టు పెట్టైనా చేర్పిద్దామని బీటెక్ బయోటెక్నాలజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాం. అది మంచిదా, బీఎస్సీ మంచిదా?

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించే. కానీ ఉత్తరమంతా భయమే కనిపిస్తోంది. ‘ఆ జబ్బు మా రక్తంలో ఉందా?’ అన్నది మీ అసలు ప్రశ్న. ముందు దానికే చెబుతాను.

డీఎన్‌ఏ దెబ్బతినడం ఎవరికో జరిగే విడ్డూరం కాదు. మీ ఒంట్లో, నా ఒంట్లో ప్రతి కణంలోనూ రోజుకి వేలసార్లు జరుగుతుంది. ఎండ, పొగాకు లాంటివి దాన్ని ఇంకా పెంచుతాయి. కాలవ గట్టుకి గండి పడితే పైన నీళ్లు కట్టేసి, గండి పూడ్చాకే మళ్లీ వదులుతారు కదా! కణమూ అంతే. విభజన ఆపుకుని రిపేరు చేసుకుంటుంది. ఆ ఆపే పనిలో పీ53 అనే ప్రొటీన్‌ది పెద్ద చెయ్యి. రిపేరు కాకపోతే కణాన్ని చనిపొమ్మనేది కూడా అదే. దాదాపు సగం క్యాన్సర్లలో ఈ పీ53 జన్యువే పాడై ఉంటుంది. రిపేరు ఎలా జరుగుతుందో కనిపెట్టిన లిండాల్, మోడ్రిచ్, సంజార్‌లకి 2015లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. మీ అమ్మాయి ఇష్టపడుతున్న సబ్జెక్టు ఇది. దాన్ని పట్టుకుని ‘ఆ జబ్బు చుట్టూ తిరగడం’ అంటారేమిటండీ?

రొమ్ము క్యాన్సర్లలో వంశంలో దిగేవి నూటికి అయిదు నుంచి పది. అవి చాలావరకు చిన్న వయసులోనే బయటపడతాయి. మీ అమ్మగారికి డెబ్బై దాటాక వచ్చిందంటే వంశపారంపర్యం అయ్యే అవకాశం తక్కువ. డీఎన్‌ఏ రిపేరు చూసే బీఆర్‌సీఏ జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉంటే ఇలా వంశంలో దిగుతుంది, అలాంటివాళ్లకి కూడా ఇప్పుడు దారి ఉంది. ఆ లోపమున్న క్యాన్సర్ కణానికి ఒక రిపేరు దారి ముందే మూసుకుపోయి ఉంటుంది. రెండో దారినీ మందుతో మూసేస్తే ఆ కణం చచ్చిపోతుంది. ఒలాపరిబ్ అలా పనిచేసే మందే, 2014లో అమెరికాలో మొదట అండాశయ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. మీ పాప చదవాలనుకుంటున్న చదువులోంచే ఈ మందు పుట్టింది. అంతకు చాలా ముందే, మీ పక్కనున్న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో మెథోట్రెక్సేట్ తయారుచేసింది. కణం కొత్త డీఎన్‌ఏ కట్టుకోకుండా అడ్డుపడే క్యాన్సర్ మందు అది. ఈనాటికీ వాడుతున్నారు.

ఇక మీరు మాట్లాడిన సీటు. నాకు దాని మీద నమ్మకం లేదు, దాచకుండా చెబుతున్నాను. ‘బయోటెక్’ అన్న పేరు బ్రోచర్‌లో బాగుంటుంది. చాలా ప్రైవేటు కాలేజీల్లో ల్యాబ్‌కి తాళం వేసి ఉంటుంది, పిల్లలు ప్రయోగాలు రికార్డులో రాసుకుని బయటికొస్తారు. చివరికి క్యాంపస్‌కి సాఫ్ట్‌వేర్ కంపెనీలే వస్తే అందులోనే చేరతారు. దానికోసమా మీరు చెరువు తాకట్టు పెడతారు? డబ్బు కట్టేముందు ఒకసారి వెళ్లి, సెకండియర్ పిల్లల్ని పక్కకి పిలిచి, డీఎన్‌ఏకి కాపీలు తీసే పీసీఆర్ ప్రయోగం సొంతంగా ఎన్నిసార్లు చేశారో అడగండి. సీటు మాట్లాడేముందు పాపని ఒక్క మాటైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇది మాత్రం తప్పే.

బీఎస్సీ అయితే ల్యాబ్ బాగా నడిచే కాలేజీ చూసుకోవాలి, తర్వాత ఎమ్మెస్సీ తప్పదు. సైన్స్ చదువులకి, రీసెర్చ్‌కి కేంద్రం నడిపే తిరుపతి ఐసర్‌కి బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కాకపోతే పరీక్షలో మ్యాథ్స్ కూడా ఉంటుంది, ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి. పీహెచ్‌డీ వరకు దారి పొడుగే. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు ఇస్తారు, ఇంటి మీద ఆధారపడక్కర్లేదు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి.

ఇంకా అనుమానం పీడిస్తుంటే జన్యు పరీక్ష గురించి క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి. ఈ బీఆర్‌సీఏ లోపం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. కాబట్టి పాపకి కాదు, ముందు మీకే చేయించాలి. మీ అమ్మగారి నుంచి మీకు రాకపోతే మీ నుంచి పాపకి వచ్చే ప్రశ్నే లేదు.