అమ్మకి ఫోన్ కొనిచ్చారు సరే, అమ్మని ఏమైనా అడుగుతున్నారా?

ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులకి స్మార్ట్‌ఫోన్ కొనిస్తే ఒంటరితనం తగ్గుతుందా అని అడిగారు. కొనిచ్చి ఊరుకుంటే తగ్గదండి. నేను నాలుగేళ్లు కళ్లారా చూశాను.

మాది కోనసీమ, పి.గన్నవరం దగ్గర లంక ఊరు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటానంది, హైదరాబాద్ వచ్చి ఫ్లాట్‌లో కూర్చోవడం నా వల్ల కాదంది. 2018లో పెద్ద స్క్రీన్ ఫోన్ కొని, వీడియో కాల్ నేర్పించి, ఇంక బెంగ లేదనుకున్నాం. రోజూ రాత్రి ఎనిమిదింటికి కాల్. అమ్మ నుదురు సగం, పైన తిరిగే ఫ్యానూ కనిపించేవి. తిన్నావా, తిన్నాను, బీపీ మాత్ర వేసుకున్నావా, వేసుకున్నాను, పడుకో మరి. రెండు నిమిషాలు. ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండేస్తుంది.

2022 జూలైలో గోదారి వచ్చింది. ధవళేశ్వరంలో 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక, 25 లక్షల క్యూసెక్కులు పైనే కిందికి వదులుతున్నారని టీవీలో ఒకటే గోల. టీవీవాళ్లు బ్యారేజీ లెక్క చెబుతారు గానీ మా వీధిలోకి నీళ్లొస్తాయా రావా అన్నది ఎవరు చెబుతారు? నాకు ఒకటే టెన్షన్. అప్పుడు కువైట్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఫ్యామిలీ గ్రూపులో అడిగాడు, "దొడ్డమ్మా, ఎనభై ఆరులో మన రాములవారి గుడి దగ్గర నీళ్లు ఎందాకా వచ్చాయి?" అని. 1986 ఆగస్టు వరద అంటే 35 లక్షల క్యూసెక్కులు, మా వైపు ఇప్పటికీ ఏ వరదనైనా దాంతోనే కొలుస్తారు.

అమ్మకి టైప్ చేయడం రాదు. పక్కింట్లో పదో తరగతి చదివే కుర్రాడు, "మామ్మగారూ, ఈ మైకు బొమ్మ మీద వేలు పెట్టి ఉంచి మాట్లాడండి, తీయకండి" అని చూపించాడు. అమ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా వేలు తీసేసేది, మెసేజ్ అక్కడికి తెగిపోయేది. అలా పదకొండు ముక్కలు వచ్చాయి. "ఒరేయ్ అబ్బాయీ, అప్పుడు మెట్లన్నీ మునిగిపోయి ధ్వజస్తంభం మొదట్లోకి వచ్చేశాయిరా." "ఇప్పుడింకా మూడు మెట్లు పైకే ఉన్నాయి, కంగారు పడకండి." "అప్పుడు మీ నాన్నకి జ్వరం, నేనే పడవ ఎక్కించాను." ఆ ముక్కలన్నీ నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

గుడి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే. ఆ మూడు రోజులూ రెండు గంటలకోసారి గొడుగు వేసుకుని వెళ్లి మెట్లు లెక్కపెట్టి వచ్చేది. కరెంటు తీసేశారు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫోన్ చార్జింగ్ పెట్టించుకుని మరీ మెసేజ్ పెట్టేది. కువైట్‌లో ఒకడు, బెంగళూరులో ఇద్దరు, హైదరాబాద్‌లో మేము, అందరం ఆ గొంతు కోసం ఎదురుచూశాం. నీళ్లు లాగాక ఫోన్ చేస్తే గొంతు బొంగురుపోయి ఉంది. నాన్న పోయాక అమ్మ అంత హుషారుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

అందుకే చెబుతున్నాను, పెద్దవాళ్లని "ఎలా ఉన్నావు" అని అడిగేవాళ్లు బోలెడుమంది, వాళ్లకి తెలిసింది అడిగేవాళ్లే లేరు. ఏ ఇంట్లోనైనా ఇంతే. మా తమ్ముడు మాట్లాడే స్పీకర్ ఒకటి పంపాడు. పంచాంగం, వాతావరణం ఏది అడిగినా చెబుతుంది. వారం తిరక్కుండా అమ్మ దాని మీద గుడ్డ కప్పేసింది. అది అమ్మకి జవాబులు చెబుతుంది, అమ్మకేమో తను జవాబు చెప్పాలని ఉంటుంది. ఇప్పుడు ఏఐ తోడు అని కొత్తగా ఏవేవో అమ్ముతున్నారు, వాటి మీదా నా అభిప్రాయం ఇదే.

ఇంకో బాధ కూడా చెప్పాలి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఫోన్‌లో బొమ్మల చోటు మార్చేస్తారు, డెబ్బై ఏళ్ల మనిషి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. దానికి తోడు మోసగాళ్లు. బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఓటీపీ అడిగితే అమ్మ భయపడిపోయి రెండు నెలలు ఫోన్ ముట్టుకోలేదు. సైబర్ నేరాల నంబరు 1930 అట్ట మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాకగానీ ధైర్యం రాలేదు. ఫోన్ కొనిచ్చేవాళ్లు ముందు ఆ పని చేయండి, పక్కింటి కుర్రాడెవరినైనా మంచి చేసుకోండి, ఆ తర్వాత రోజుకొకటి ఏదైనా అడగండి.

మొన్న మా మేనకోడలు బెంగళూరు నుంచి, "అమ్మమ్మా, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలి?" అని అడిగింది. నాలుగు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిదాంట్లో, పొయ్యి మీంచి దించి చల్లారాక కలపాలి, వేడి మీద కలిపితే చేదొస్తుంది అని చెప్పింది. మిగతా మూడూ మా పెరట్లో పనసచెట్టు ఎవరు నాటారు, మొదటి కాయ ఎవరింటికి పంపారు అన్న సంగతులే.