టెక్ సందేహాలు: రేంజ్‌ఫైండర్ కొన్నాక మొదటి నెల

డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాల గురించి ఇంతకుముందు ఇక్కడ రెండు ముక్కలు రాశాక ఉత్తరాలు వరసకట్టాయి. కొనబోయేవారి కంటే, కొనేసి తల పట్టుకున్నవారే ఎక్కువగా రాశారు. ఎవరి ఫిర్యాదు వారిదే అయినా చాలావాటికి మూలం ఒక్కటే. ఈ కెమెరాలో మీరు చూసే కిటికీ (వ్యూఫైండర్) వేరు, ఫోటో తీసే లెన్స్ వేరు. ఫోకస్ కూడా ఆ కిటికీలో కనిపించే రెండు బొమ్మలను చేత్తో రింగ్ తిప్పి కలిపి చేసుకోవాలి. ఆ తేడా చేతికి అలవాటయ్యేదాకా కొంత టెన్షన్ తప్పదు. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: చాలాకాలం మిర్రర్‌లెస్ (లెన్స్ చూసేదాన్నే స్క్రీన్‌పై చూపే కెమెరా) వాడి, ఈమధ్యే లైకా ఎం11 రేంజ్‌ఫైండర్, దానికి 35 ఎం.ఎం. ఎఫ్/2 లెన్స్ కొన్నాను. చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంది. కానీ ఫోటోల్లో సగం మసకగా వస్తున్నాయి. వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలూ కలిసినట్టే కనిపిస్తాయి, తీరా స్క్రీన్‌పై చూస్తే ముఖం తేలిపోయి ఉంటుంది. తప్పు నా కళ్లదా, కెమెరాదా?

జవాబు: మీరు మూడోదాన్ని వదిలేశారు, చెయ్యి. ముందు మసక ఫోటోను కంప్యూటర్‌లో వంద శాతం సైజుకు పెంచి చూడండి. మీరు గురిపెట్టిన ముఖం మసకగా ఉండి, వెనకున్న గోడో ముందున్న కుర్చీయో స్పష్టంగా ఉంటే అది ఫోకస్ సమస్య. ఫోటోలో ఏ మూలా స్పష్టత లేకపోతే చాలావరకు చెయ్యి కదిలినట్టే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి లెన్స్‌ను తిట్టుకునేవారు చాలామంది.

చెయ్యి సంగతి ముందు తేల్చేద్దాం. ఎం11 సెన్సర్ 60 మెగాపిక్సెళ్లది. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఇందులో లేదు. మీ పాత కెమెరాలో అది ఉంటే, ఇన్నాళ్లూ మీకు చెప్పకుండానే ఆ పని చేసిపెట్టి ఉంటుంది. 35 ఎం.ఎం.కి 1/35 సెకను చాలన్నది ఫిల్మ్ రోజుల లెక్క. అంత చిన్న పిక్సెళ్లున్న సెన్సర్ దగ్గర అది నిలవదు. మెనూలో ఆటో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందనను కెమెరాయే పెంచుకునే ఏర్పాటు) కింద షట్టర్ స్పీడ్ పరిమితిని ఫోకల్ లెంగ్త్‌కు, అంటే లెన్స్ ఎం.ఎం. అంకెకు, నాలుగింతలుగా పెట్టుకునే వీలుంది. 35 ఎం.ఎం.కి అది 1/140 దగ్గర పడుతుంది. ఎదుటివాళ్లు కదులుతుంటే నేరుగా 1/250 పెట్టేయండి. ఐఎస్‌ఓ పెరిగి కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) వస్తే రానివ్వండి, దాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫోటోను మాత్రం ఏమీ చేయలేం. ఇక్కడ చిన్న మెలిక ఉంది. మీ లెన్స్ మౌంట్‌పై (కెమెరాకు బిగించే అంచుపై) ఆరు చుక్కల కోడ్ లేకపోతే ఏ లెన్స్ తగిలించారో కెమెరాకు తెలియదు. అప్పుడు మెనూలో మీరే లెన్స్‌ను ఎంచుకోవాలి, లేదంటే ఆ నాలుగింతల లెక్కకు అర్థం ఉండదు.

ఇక ఫోకస్. వ్యూఫైండర్ మధ్యలో కాస్త వెలుగుగా కనిపించే చిన్న చతురస్రం, అదే ప్యాచ్, కెమెరా ముందున్న రెండో కిటికీలోంచి వస్తున్న బొమ్మ. మీరు ఫోకస్ రింగ్ తిప్పితే లెన్స్ వెనకభాగం కెమెరాలోని చిన్న రోలర్‌ను నెడుతుంది, దాంతో ఆ రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదానిపై ఒకటి కూర్చున్నాయంటే ప్యాచ్‌లో ఉన్న వస్తువు దూరాన్ని కెమెరా సరిగ్గా కొలిచిందని అర్థం. అది చేసే పని అంతే. లెన్స్ ఏం చూస్తోందో దానికి తెలియదు. అందుకే వ్యూఫైండర్‌లో దగ్గరవీ దూరంవీ అన్నీ ఎప్పుడూ స్పష్టంగానే ఉంటాయి. మిర్రర్‌లెస్‌కు అలవాటుపడిన కన్ను ఆ స్పష్టత చూసి ఫోకస్ కుదిరిందనుకుంటుంది. మీ సగం ఫోటోల కథ ఇదేనని నా అనుమానం.

కలిసినట్టే ఉండటానికీ నిజంగా కలవడానికీ తేడా పట్టుకోవాలంటే ప్యాచ్‌కు నిలువు గీత దొరకాలి. కళ్లజోడు ఫ్రేమ్ పక్క అంచు, చొక్కా బొత్తాల పట్టీ, తలుపు అంచు, చెట్టు మొదలు లాంటివి బాగా పనికొస్తాయి. నున్నటి బుగ్గ మీద పెట్టి ఎంత తిప్పినా తేలదు. అడ్డగీతలే ఉన్నచోట కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ చేసి, మళ్లీ మామూలుగా పట్టుకోండి. రింగ్‌ను అటూ ఇటూ ఊపుతూ వెతక్కండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి, బొమ్మలు కలిసిన చోట ఆపి, వెంటనే నొక్కండి. ఆలస్యమైతే మీరో ఎదుటివారో కాస్త వంగుతారు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దదై, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. 35 ఎం.ఎం. లెన్స్‌తో ఎఫ్/2 దగ్గర, మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మామూలు లెక్కలో 10 సెంటీమీటర్లు. 50 ఎం.ఎం. ఎఫ్/1.4 అయితే 3 సెంటీమీటర్లే. 60 మెగాపిక్సెళ్ల ఫోటోను పెంచి చూస్తే అంత కూడా ఉండదు.

ఇంత చేసినా తేడా వస్తుంటే కెమెరాను పరీక్షించాలి. ట్రైపాడ్‌పై పెట్టి, మీటరు దూరంలో ఒక వస్తువు, రెండు మీటర్ల దూరంలో ఒకటి, బాగా దూరంగా ఇంకొకటి ఎంచుకోండి. ప్యాచ్‌తో ఫోకస్ చేసి, రింగ్ ముట్టుకోకుండా లైవ్ వ్యూ (లెన్స్ చూసేదాన్ని వెనక స్క్రీన్‌పై చూపే పద్ధతి) ఆన్ చేసి, బొమ్మను పెంచి చూడండి. ఒకటి రెండుసార్లు చూసి తీర్పు ఇవ్వకండి, పది పన్నెండుసార్లు చూడండి. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోతుంటే లోపం మీ ఫోకస్‌లో ఉంది. ప్రతిసారీ ఒకే వైపు పోతుంటే అమరిక తప్పింది. ఇంకో లెన్స్ అరువు దొరికితే దాంతోనూ చూడండి. రెండూ ఒకే వైపు పోతే కెమెరా, ఒక్కటే పోతే లెన్స్. అనంతం దగ్గర రింగ్ పూర్తిగా ఆగినప్పుడు దూరపు టవరో చంద్రుడో ప్యాచ్‌లో ఒక్కటిగా కనిపించాలి. ఆ రోలర్‌ను ఇంట్లోనే సరిచేసుకునే వీడియోలు బోలెడు దొరుకుతాయి. కొత్త కెమెరాతో ఆ ప్రయోగం చేయకండి. వారంటీ ఉంది కదా, సర్వీస్‌కు పంపండి, లెన్స్‌ను కూడా కలిపి పంపండి.

ప్రశ్న: వీధి ఫోటోలకు ప్రతిసారీ ఫోకస్ చేసే తీరిక ఉండటం లేదు. లెన్స్ మీద ఉన్న దూరం అంకెలు చూసి తీయొచ్చంటారు. నిజంగా పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. ఈ కెమెరాలు కొనడానికి నా లెక్కలో ఇదే మంచి కారణం. 35 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్/8కి పెట్టి, దూరాన్ని 3 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 1.9 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఇక కెమెరా ఫోకస్ వెతుక్కునే ప్రసక్తే లేదు, నొక్కగానే ఫోటో. అయితే లెన్స్‌పై చెక్కిన లోతు గీతలు ఒక మాదిరి ప్రింటును దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఎఫ్/8లో తీస్తూ ఎఫ్/4 గీతల మధ్యే స్పష్టత ఉంటుందనుకుంటే నిరాశ ఉండదు. ఫోకస్ రింగ్‌కు వేలు ఆన్చే చిన్న మెట్టు ఉంటే, అది ఏ వైపు తిరిగి ఉంటే ఎంత దూరమో వేలికే తెలిసిపోతుంది. కెమెరా కంటికి ఆనించేలోపే సగం ఫోకస్ అయిపోతుంది.

ప్రశ్న: ఫ్రేమ్‌లో లేని మనుషులు ఫోటో అంచుల్లో వస్తున్నారు. దగ్గర నుంచి తీస్తే మాత్రం తల తెగుతోంది. ఎందుకిలా?

జవాబు: వ్యూఫైండర్‌లో ఫ్రేమ్ హద్దులు చూపే ఆ తెల్లటి గీతలు ఒక దూరానికే కచ్చితం. ఎం11లో ఆ దూరం 2 మీటర్లు. అంతకంటే దూరంగా ఉన్నవాటిని తీస్తే గీతల బయటివి కూడా కొంత ఫోటోలో పడతాయి, దగ్గరగా తీస్తే గీతల లోపలివి కొన్ని పోతాయి. కెమెరా తప్పేమీ లేదు. దగ్గరైతే తల పైన కాస్త ఎక్కువ చోటు వదలండి, దూరమైతే వచ్చిన అదనాన్ని తర్వాత కత్తిరించుకోండి, 60 మెగాపిక్సెళ్లలో ఆ మాత్రం పోయినా లోటు లేదు. వేర్వేరు ఎం.ఎం. లెన్సుల గీతలు జంటలుగా వెలుగుతాయి: 28తో 90, 35తో 135, 50తో 75. కొత్తలో లోపలి చిన్న గీతలు చూసి ఫ్రేమ్ కట్టేవారున్నారు, మీరు చూస్తున్నవి ఏవో ఒకసారి సరిచూసుకోండి. గీతల బయట జరిగేది కూడా కనిపించడం నాకు మాత్రం ఇష్టం. కిటికీలోంచి వీధిని చూసినట్టు, ఎవరు ఎటునుంచి వస్తున్నారో ముందే తెలుస్తుంది.

ప్రశ్న: కళ్లజోడు ఉంది. 28 ఎం.ఎం. గీతలు ఒకేసారి అన్నీ కనిపించడం లేదు. పవర్ సరిచేసే చక్రం కూడా కనబడలేదు.

జవాబు: ఎం11లో ఆ చక్రం లేదు. ఐపీస్‌కు (కన్ను ఆనించే చోటుకు) మరతో బిగించే పవర్ లెన్సులు విడిగా అమ్ముతారు. అవి మీ దూరపు చూపు పవర్‌కు దగ్గరగా ఉండాలి, చదువుకునే అద్దాల పవర్ కాదు. ప్రోగ్రెసివ్ అద్దాలవారు పైభాగంలోంచి చూడాలి. 28 మాత్రం జోడుతో కష్టమే. ఇంకా కొనకపోతే 35తో మొదలుపెట్టండి.

ప్రశ్న: లైవ్ వ్యూ పెట్టుకుని తీస్తే ఇంత డబ్బు పోసి రేంజ్‌ఫైండర్ కొనడం దేనికి అని స్నేహితులు ఆటపట్టిస్తున్నారు. తిరిగి ఇచ్చే గడువు దగ్గరపడింది. ఉంచుకోనా?

జవాబు: లైవ్ వ్యూకి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఎం11లో రేంజ్‌ఫైండర్ 0.7 మీటర్ల వరకే కొలుస్తుంది. కొన్ని కొత్త లెన్సులు అంతకంటే దగ్గరకు వెళతాయి, అక్కడ స్క్రీనే దిక్కు. 21 ఎం.ఎం. లాంటి వైడ్ లెన్సులకు వ్యూఫైండర్‌లో గీతలే లేవు. 90 ఎం.ఎం.ను పూర్తిగా తెరిచి ముఖాలు తీసేటప్పుడు నేనూ స్క్రీన్ మీదే పెంచి చూసుకుంటాను.

కానీ ప్రతి ఫోటోకూ స్క్రీనే చూస్తున్నారంటే మాత్రం స్నేహితుల మాటలో కొంత నిజం ఉంది. అలాంటివారి కోసమే కావచ్చు, లైకా 2025లో ఎం ఈవీ1 అని ఆప్టికల్ రేంజ్‌ఫైండర్ తీసేసి ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ పెట్టిన కెమెరా తెచ్చింది. మీరు ఎక్కువగా తీసేది పరిగెత్తే పిల్లలు, ఆటలు, పక్షులు, పూల క్లోజప్‌లు అయితే మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేయండి. ఆటోఫోకస్ లేని కెమెరాతో అవన్నీ కుస్తీ. నడుస్తూ మనుషుల్ని, వీధుల్ని తీసే అలవాటుంటే ఉంచుకోండి, పాత మిర్రర్‌లెస్‌ను మాత్రం అప్పుడే అమ్మకండి. ఈ కెమెరాకు ఆత్మ ఉందని రాసే సమీక్షలను నమ్మి నిర్ణయం తీసుకోకండి. అలా రాసేవారిలో కొందరు దాన్ని వారం తిరక్కుండానే వెనక్కు పంపేసి ఉంటారు.

ప్రశ్న: ఒక్కో ఫైలు 100 ఎం.బి. దాటుతోంది, ల్యాప్‌టాప్ నిండిపోతోంది. పైగా నేను ఎఫ్/2లో తీస్తే ఫైలు వివరాల్లో ఎఫ్/2.8 అని చూపిస్తోంది. బగ్గా?

జవాబు: బగ్ కాదు. 1954లో లైకా ఎం3 కెమెరాతో వచ్చిన మౌంటు ఇది, లెన్స్‌కూ కెమెరాకూ మధ్య ఎలక్ట్రానిక్ సంబంధం లేదు. మీరు తిప్పిన అపర్చర్‌ను (ఎఫ్ అంకెను) కెమెరా వెలుతురును బట్టి ఊహించి రాస్తుంది. దాన్ని పట్టించుకోకండి.

సైజు విషయానికొస్తే, 60 మెగాపిక్సెళ్ల డీఎన్‌జీ (కెమెరా మార్పులు చేయకుండా దాచే రా ఫైలు) 70 నుంచి 120 ఎం.బి. దాకా ఉంటుంది. ఎం11లో రా ఫైళ్లను 36 లేదా 18 మెగాపిక్సెళ్లలోనూ తీయొచ్చు. సెన్సర్ మొత్తం వాడుకునే చేస్తుంది కాబట్టి లెన్స్ కోణం మారదు. రోజువారీ ఫోటోలకు 36 పెట్టుకోండి, 40 నుంచి 70 ఎం.బి.లో సరిపోతుంది. డీఎన్‌జీ కావడం వల్ల ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, రా థెరపీలలోనూ తెరవొచ్చు. కెమెరాలోనే 64 జీబీ మెమరీ ఉంది, కార్డుతో పాటు దానిలోనూ ఒక కాపీ పడేలా సెట్ చేసుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోల్లో చారలు వస్తున్నాయి.

జవాబు: ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉంది. మెకానికల్‌కు మార్చండి. ఎలక్ట్రానిక్ షట్టర్ 1/16000 దాకా వెళుతుంది, ఎండలో లెన్స్ పూర్తిగా తెరిచి తీయడానికి బాగుంటుంది, మెకానికల్ 1/4000 దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న: కొత్తది కొనలేను. పాత లైకా ఎం8, ఎం9, ఎప్సన్ ఆర్-డీ1లలో ఏది మేలు?

జవాబు: 2004లో వచ్చిన ఆర్-డీ1 మొట్టమొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్. 6 మెగాపిక్సెళ్లు, షట్టర్ కోసం ప్రతిసారీ లివర్ లాగాలి. సరదాకు బాగుంటుంది, ఉన్న ఒక్క కెమెరా అదే అయితే వద్దు. 2006 నాటి ఎం8కి పరారుణ కాంతి సమస్య ఉంది, నల్లటి సింథటిక్ బట్టలు ఊదా రంగులో వస్తాయి, లెన్స్ ముందు ప్రత్యేక ఫిల్టర్ లేకుండా రంగు ఫోటోలు కుదరవు. 2009 నాటి ఎం9 ఫుల్ ఫ్రేమ్ (సెన్సర్ 35 ఎం.ఎం. ఫిల్మ్ అంత పెద్దది), రంగులకు ఇప్పటికీ అభిమానులున్నారు. కానీ దాని సెన్సర్ పై గాజు కాలక్రమంలో పాడవుతుంది. కొనేముందు ఎఫ్/16లో ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, అంచు చుట్టూ వలయం ఉన్న చుక్కలున్నాయేమో చూడండి. సెన్సర్ మార్చిన రుజువు లేకపోతే ధర ఎంత ఊరించినా వదిలేయండి. కొంచెం ఆగి 2017లో వచ్చిన ఎం10 పాతది వెతకడం నా సలహా.

ప్రశ్న: ఫుజీఫిల్మ్ ఎక్స్-ప్రో3 కూడా రేంజ్‌ఫైండరేనా?

జవాబు: ఆకారం మాత్రమే. ఆప్టికల్ కిటికీ ఉంది కానీ రెండు బొమ్మలు కలిపి దూరం కొలిచే యంత్రాంగం లేదు, ఫోకస్ ఆటోమేటిక్. చాలామందికి నిజానికి కావలసింది అదే.

ప్రశ్న: కొన్ని ఫోటోలు పూర్తిగా నల్లగా వస్తున్నాయి. సెన్సర్ పోయిందా?

జవాబు: లెన్స్ మూత తీశారా? మూత ఉన్నా వ్యూఫైండర్‌లో అంతా బాగానే కనిపిస్తుంది మరి. మూతను ఇంట్లో వదిలేసి, హుడ్ పెట్టుకుని తిరగండి.

ప్రశ్న: ఎఫ్/11 దాటితే ఆకాశంలో మచ్చలు కనిపిస్తున్నాయి.

జవాబు: దుమ్ము. ఈ కెమెరాల్లో సెన్సర్‌ను దానంతటదే దులుపుకునే ఏర్పాటు లేదు. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితోనూ గాలి డబ్బాలతోనూ వద్దు. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా నోరు నేలవైపు ఉండేలా పట్టుకోండి.