ఫ్లైఓవర్ మీద వేడెక్కి ఆగిన కారు

నా అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. చిత్తూరు నుంచి చంద్రగిరి దాకా మామూలుగా వచ్చిన కారు, తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఏసీతో పాకుతుంటే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత తాకి, బండి ఆగిందన్నారు కదా. హైవే మీద ఎదురుగాలి చల్లబరుస్తుంది, ట్రాఫిక్‌లో ఫ్యానే దిక్కు. ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. కూలెంట్ మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తిప్పాలి.

మళ్లీ ఆగితే:

1. ముల్లు పైకి పోతున్నప్పుడే ఏసీ ఆపి, హజార్డ్ లైట్లు వేసి, ఎడమ అంచుకు చేర్చండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్, బ్రేకు బరువెక్కుతాయి. గట్టిగా తిప్పండి, తొక్కండి.

2. మీరు మర్చిపోయింది ఇదే: పిల్లల్ని లోపలే ఉంచి బానెట్ ఎత్తారు. (నేనూ ఒకసారి అదే చేశాను.) ముందు మనుషుల్ని ఎడమ తలుపుల నుంచి దించండి. కారుకు బాగా వెనక, పిట్టగోడకు ఆనించి నిలబెట్టండి. కారు ముందు అసలు వద్దు, వెనక నుంచి ఏదైనా గుద్దితే కారు ముందుకే దూకుతుంది. బండ్లు రాసుకుంటూ పోతూ దిగే వీలే లేకపోతే, అందరూ బెల్టు పెట్టుకుని లోపలే ఉండి 112కి ఫోన్ చేయండి.

3. ఎర్ర త్రికోణం ఓ యాభై అంగలు వెనక పెట్టండి. వచ్చే బండ్లను చూస్తూనే నడవండి.

4. జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.