స్థాపకులే సెక్రటరీగా ఉన్న చిన్న సేవాసంస్థకు అధ్యక్షులైతే ఎలా నడపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయవాడలో ఒక చిన్న సేవాసంస్థకు మిమ్మల్ని ఈమధ్యే అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. సంస్థ పెట్టిన పెద్దాయనే ఇప్పటికీ సెక్రటరీ. కార్యవర్గంలో తొమ్మిది మంది. మీటింగు మూడు గంటలు సాగుతుంది, లేచేసరికి ఏం నిర్ణయించామో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. ఆయన్ని నొప్పించకుండా దీన్ని గాడిలో పెట్టడం ఎలా? కార్యవర్గం మాట ఆయన వినకపోతే ఏం చేయాలి?

నేను గుంటూరులో ఇలాంటి సొసైటీకే కొన్నేళ్లుగా అధ్యక్ష బాధ్యత చూస్తున్నాను. సాయంత్రంపూట పిల్లలకు చదువు చెప్పే కేంద్రాలు నడుపుతాం, చదువు ఆగిపోయేలా ఉన్న ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫీజులు కడతాం. విజయవాడ సింగ్‌నగర్‌లోనూ మాకొక కేంద్రం ఉంది. మాకూ స్థాపకులే సెక్రటరీ. రిటైర్డ్ హెడ్మాస్టరు, మేమంతా మాస్టారు అనే పిలుస్తాం.

మొదట మీ బైలాస్, అంటే సంస్థ నియమావళి, తీసి చదవండి. మన రాష్ట్రంలో సొసైటీలకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. మీది సొసైటీ కాకుండా ట్రస్టు అయితే బైలాస్ బదులు ట్రస్టు డీడ్ చూడాలి. కోరం (మీటింగు చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఎంత, మీటింగుకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చెక్కుల మీద ఎవరెవరు సంతకం చేయాలి, ఓట్లు సమానమైతే అధ్యక్షులకు ఇంకో ఓటు ఉందా, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ‘మా సంస్థలో ఎప్పుడూ ఇలాగే చేస్తాం’ అని సభ్యులు చెప్పేదానికీ బైలాస్‌లో రాసి ఉన్నదానికీ చాలాచోట్ల పొంతన ఉండదు. ఇంకొకటి కూడా అక్కడే తెలిసిపోతుంది. బైలాస్ ప్రత్యేకంగా ఇస్తే తప్ప అధ్యక్షులు ఒంటరిగా నిర్ణయించగలిగేది దాదాపు ఏమీ లేదు. నిర్ణయించాల్సింది కార్యవర్గం. ఆ తొమ్మిది మంది నిజంగా ఆలోచించి, మాట్లాడి, ఒక మాటకు వచ్చేలా చూడటమే మీ పని.

అది మీటింగులో మొదలయ్యే పని కాదు. ప్రతి మీటింగుకు వారం ముందు నేను మాస్టారింటికి వెళతాను. కాఫీ తాగుతూ రెండే అడుగుతాను: “ఈ నెల మీకు టెన్షన్ పెడుతున్నదేంటి మాస్టారూ? అందులో కార్యవర్గం తేల్చాల్సిందేంటి?” మొదటి ప్రశ్నకు ఆయన చాలాసేపు చెబుతారు. ఫలానా పిల్ల చదువు మానేసింది, ఫలానా దాత ఫోన్ ఎత్తడం లేదు, కేంద్రం నడిచే ఇంటి ఓనరు అద్దె పెంచమంటున్నాడు. అంతా వింటాను. సంస్థను కన్నబిడ్డలా పెంచిన మనిషికి తన బరువు చెప్పుకునే చోటు ఒకటి ఉండాలి. అది మీటింగులో కాకుండా ఇంట్లో దొరికితే, మీటింగులో మూడు గంటల్లో ఒక గంట అక్కడికక్కడే మిగులుతుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబుతో ఇద్దరం కూర్చుని అజెండా రాస్తాం.

అజెండాలో విషయాన్ని ప్రశ్నగా రాయండి. ‘ఫీజులు’ అని రాస్తే గంటసేపు ఫీజుల గురించి కబుర్లు నడుస్తాయి. ‘అత్యవసరంగా ఒక విద్యార్థికి ఫీజు కట్టాల్సివస్తే సెక్రటరీ గారు కార్యవర్గాన్ని అడగకుండా ఎంతవరకు ఇవ్వొచ్చు?’ అని రాస్తే ఒక అంకె చెప్పి లేవాల్సిందే. తేల్చాల్సినవి ముందు పెట్టండి, కేవలం తెలియజేసేవి చివర్లో. మనకు అలవాటు దీనికి రివర్సు. మొదట నివేదికలు, సన్మానాలు, అభినందనలు అయిపోయి, అసలు డబ్బు విషయం వచ్చేసరికి సగం మంది బండి తాళాలు చేతిలో పట్టుకుని ఉంటారు. జమాఖర్చుల కాగితం కూడా ముందే పంపించండి. మీటింగులో చేతికిస్తే ఎవరూ చదవరు, మర్యాదకు తలూపుతారు.

ఆరింటికి అన్నది ఆరింటికే మొదలుపెట్టండి. కోరం ఉంటే చాలు, మిగిలినవాళ్లు వచ్చి కలుస్తారు. కొన్నాళ్లకు వాళ్లే సర్దుకుంటారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఎవరు ఏ వరసలో మాట్లాడతారన్నది. మన దగ్గర పెద్దవాళ్లు నోరు తెరిచాక ఎవరూ ఎదురు చెప్పరు. “మీరెలా అంటే అలాగే సార్” అంటారు, తర్వాత మెట్ల దగ్గర నిలబడి అసలు మాట మాట్లాడుకుంటారు. ఆ మెట్ల దగ్గరి మాటే నాకు గదిలో కావాలి. అందుకని మా దగ్గర ఏ విషయమైనా వయసులో చిన్నవాళ్లతో మొదలుపెట్టి పేరుపేరునా అడుగుతాను. మాస్టారు చివరన. ఆ తర్వాత నేను. ఇలా చేయబోతున్నానని మాస్టారికి ముందే ఇంటి దగ్గర చెప్పాను. “మీరు మాట్లాడితే ఇంకెవరూ మాట్లాడరు, వాళ్లేమనుకుంటున్నారో మీరే వినాలి” అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. బడి నడిపిన మనిషి కదా, వెనక బెంచీ పిల్లల్ని మాట్లాడించడం ఎందుకో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు.

దీని విలువ 2024 వరదలప్పుడు పూర్తిగా తెలిసింది. సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. మా కేంద్రం పిల్లల కుటుంబాలు అక్కడే. అన్నం, నీళ్లు, పాలపొడి వెంటనే పంపాలి. అలాంటప్పుడు మీటింగుకు నోటీసు ఇచ్చి కూర్చోలేం. అదృష్టవశాత్తూ మా కార్యవర్గం అంతకుముందే ఒక తీర్మానం చేసి ఉంది: అత్యవసరమైతే ఫలానా మొత్తం వరకు అధ్యక్షులు, కోశాధికారి కలిసి అనుమతి ఇవ్వొచ్చు, ఆ ఖర్చును ఓచర్లతో సహా తర్వాతి మీటింగులో పెట్టి ఆమోదం తీసుకోవాలి. ఆ ఒక్క తీర్మానం వల్ల ఆ ఉదయం ఫోన్లోనే పని జరిగిపోయింది. మీరు కూడా ఇలాంటిది శాంతంగా ఉన్న రోజుల్లోనే రాసి పెట్టుకోండి. వాన మొదలయ్యాక ఎవరికీ అంకెల మీద దృష్టి ఉండదు.

అప్పుడే ఇంకో చిక్కు వచ్చింది. దాతలు చాలామంది మాస్టారి సొంత ఫోన్ నంబరుకు ఫోన్‌పే చేస్తామన్నారు. ఆయన మీద నమ్మకం అలాంటిది. కోశాధికారి గారూ నేనూ కలిసి సొసైటీ ఖాతా క్యూఆర్ కోడ్ మాత్రమే పంపించాం. మాస్టారిని నమ్మక కాదు, ఆయన పేరు మీద రేపెవరూ వేలెత్తి చూపకూడదని. ఆ మాట ఆయనకు అలాగే చెప్పాం. నగదు ఇస్తామన్నవాళ్లకు కూడా 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జీ మినహాయింపు (దాతకు ఆదాయపు పన్నులో వచ్చే తగ్గింపు) రాదని చెబితే వాళ్లే బ్యాంకు ద్వారా పంపారు.

నీళ్లు తీశాక వరద కోసం వచ్చిన డబ్బులో కొంత మిగిలింది. కేంద్రానికి ఎప్పటినుంచో గది కావాలి, ఇది దానికి వాడదామని మాస్టారి ఆలోచన. వరస ప్రకారం అడుగుతూ వెళితే, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక టీచరమ్మ అన్నారు: “వాళ్లు వరద బాధితులకని ఇచ్చారండీ. గది కోసం మళ్లీ అడుగుదాం, ఇస్తారు.” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో ఇద్దరు అదే అన్నారు. చివరికి మాస్టారు తన వంతు వచ్చేసరికి, “అమ్మాయి చెప్పిందే సబబు” అన్నారు. నీళ్లలో పుస్తకాలు, బ్యాగులు పోయిన పిల్లలకు కొనివ్వాలని తీర్మానం రాసుకున్నాం. మాస్టారే మొదట మాట్లాడి ఉంటే ఆవిడ ఆ మాట అనేవారు కాదని నా గట్టి నమ్మకం.

ఆ పుస్తకాల కొనుగోలులోనే ఇంకో సంగతి. మా సభ్యుల్లో ఒకరికి పట్నంబజారులో స్టేషనరీ షాపుంది. మంచి మనిషి, తక్కువకే ఇస్తానన్నారు. అయినా మూడు షాపుల్లో కొటేషన్లు తెప్పించాం, ఆ విషయం తేల్చేటప్పుడు ఆయన బయట కూర్చున్నారు, ఆ సంగతి మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్‌లో రాశాం. సంస్థ డబ్బు వల్ల సంస్థ నడిపేవాళ్లకో, వాళ్ల బంధువులకో అనుచిత లాభం కలిగిందని తేలితే ఆదాయపు పన్ను మినహాయింపు విషయంలో చిక్కు వస్తుంది. ఇది ఒక్కరి కోసం పెట్టిన నియమం కాదని ముందే అందరికీ చెప్పి ఉంచితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

మినిట్స్ గురించి. ఎవరు ఏం మాట్లాడారో పేజీలకు పేజీలు రాయనక్కర్లేదు. ఏం నిర్ణయించాం, ఎంత డబ్బు, ఎవరు చేయాలి, ఎప్పటికి, ఎవరైనా ఒప్పుకోకపోతే ఆ పేరు. ఒక్కో విషయం అయిపోగానే నేను ఆ వాక్యాన్ని బయటికి చదివిస్తాను. ‘ఇదేనా మనం అనుకున్నది?’ అని అడిగి సరేనన్నాకే తర్వాతిదానికి వెళతాం. ఏం నిర్ణయించామో గుర్తుండటం లేదన్న మీ బాధ దీంతో చాలావరకు పోతుంది.

గడువుల లెక్క కోశాధికారిదీ ఆడిటర్‌దీ అని వదిలేయకండి. ఫారాలు మీరు నింపనక్కర్లేదు, అడగడం మాత్రం మీ బాధ్యత. సర్వసభ్య సమావేశం జరిగాక కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలైందా? ఆడిట్ అయిందా? రిటర్ను వేశారా? పన్ను మినహాయింపు వచ్చే దాతల వివరాలు మే 31 లోపు ఆన్‌లైన్‌లో ఎక్కించి వాళ్లకు సర్టిఫికెట్లు పంపామా? పన్ను మినహాయింపు అనుమతులకు ఇప్పుడు గడువు తేదీ ఉంటుంది, ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండేవి కావు. ఆ తేదీ మీ దగ్గర రాసి ఉందా? 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి పాత సెక్షన్ల, ఫారాల నంబర్లు పట్టుకుని వేలాడకుండా, ‘మన అనుమతి ఎప్పటివరకు ఉంది, తర్వాత ఏం వేయాలి’ అని ఆడిటర్ గారిని సూటిగా అడగండి.

చివరగా, మాట వినకపోతే ఏం చేయాలని అడిగారు. కార్యవర్గం కాదన్న పనిని సెక్రటరీ గారు మళ్లీ చేస్తే అందరిముందూ నిలదీయకండి, చూసీచూడనట్టు పోకండి కూడా. ఆ రోజే ఇంటికి వెళ్లి ఒంటరిగా మాట్లాడండి. ‘ఈ నిర్ణయం మీకు నచ్చకపోతే మళ్లీ అజెండాలో పెడదాం, అప్పటిదాకా ఇదే నడవాలి’ అనండి. అప్పటికీ ఆగకపోతే తర్వాతి మీటింగులో అది ఒక అంశంగా రావాల్సిందే, ఆ సంగతి కూడా ఆయనకు మీ నోటితోనే ముందు తెలియాలి. మాకు ఇంతవరకు రెండో మెట్టు దాకా వెళ్లాల్సిన పని రాలేదు. మీ బైలాస్‌లో సెక్రటరీ అధికారాల గురించి ఏం రాసి ఉందో కింద పెడితే, దాన్ని బట్టి ఇంకొంచెం వివరంగా చెప్పగలను.