ట్యాగ్ దూరంగా పలుకుతుంది, ఆనిస్తే పలకదు

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ (రీడర్ ఫీల్డ్ నుంచే పవర్ తీసుకునేది) అనలాగ్ ఫ్రంట్ ఎండ్, అంటే పవర్, డేటా అందుకునే ముందు భాగం, విడి పార్టులతో బోర్డు మీద కట్టాను. రీడర్ టైప్ బి, అంటే 10 శాతం ఏఎస్‌కే (క్యారియర్ ఎత్తుని కాస్త తగ్గించి డేటా పంపే పద్ధతి). సిమ్యులేషన్‌లో అంతా బాగుంది. బోర్డు మాత్రం నాలుగు సెంటీమీటర్ల దూరంలో కమాండ్ చక్కగా చదువుతోంది, రీడర్‌కి ఆనించి పెడితే ఏమీ చదవట్లేదు. ఏం జరుగుతోందో చూద్దామని కాయిల్ మీద స్కోప్ ప్రోబ్ పెడితే దూరంలో కూడా ఆగిపోతోంది. పవర్ బాగా వచ్చే చోటే పనిచేయకపోవడం ఏంటి?

జవాబు: పవర్ బాగా రావడం వల్లే అలా అవుతోంది. టైప్ బి వచ్చే ఐఎస్‌ఓ 14443 స్టాండర్డ్‌లో ట్యాగ్ తట్టుకోవాల్సిన ఫీల్డ్ మీటరుకి 1.5 నుంచి 7.5 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే ఐదు రెట్ల తేడా, అందుకే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ దగ్గర లిమిటర్ పెడతాం, ఎక్కువైన కరెంటంతా అది లాగేసుకుంటుంది. రీడర్ డేటా పంపేటప్పుడు క్యారియర్‌ని కాస్త తగ్గిస్తుంది కదా, ఆ క్షణంలో మీ లిమిటర్ లాగడం కొంచెం తగ్గిస్తుంది, అంతే, వోల్టేజి మాత్రం కదలదు. డేటాని బయటికి తీసే డెమాడ్యులేటర్ చూడాల్సిన ఆ కాస్త తగ్గుదలని లిమిటరే తుడిచేస్తోంది. దూరంలో లిమిటర్ ఆన్ కాదు కాబట్టి అక్కడ బాగానే చదువుతోంది.

లిమిటర్‌ని నెమ్మది చేయండి. 106 కేబీపీఎస్‌లో బిట్ 9.44 మైక్రోసెకన్లే, కానీ ఫ్రేమ్ మొదట్లో క్యారియర్ 10, 11 బిట్ల సేపు, అంటే దాదాపు 100 మైక్రోసెకన్లు తగ్గే ఉంటుంది, అందుకని లిమిటర్ గేట్ దగ్గర ఆర్‌సీ టైమ్ కాన్‌స్టంట్ అర మిల్లీసెకండు దాకా పెట్టి చూడండి. అయితే ఫీల్డ్ ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు ఈ నెమ్మది లిమిటర్ అందుకోలేదు, పార్టులు పోతాయి, కాబట్టి దానికి ఒక వోల్టు పైన ఇంకో ఫాస్ట్ క్లాంప్ (వోల్టేజి హద్దు దాటకుండా వెంటనే పట్టేసేది) తప్పకుండా ఉంచండి, దయచేసి ఇది మర్చిపోవద్దు.

మరి సిమ్యులేషన్‌లో ఎందుకు దొరకలేదంటే, మీరు రెక్టిఫయర్‌కి నేరుగా ఐడియల్ వోల్టేజి సోర్స్ ఇచ్చి ఉంటారని నా అనుమానం, చాలామంది అలాగే చేస్తారు. ఆ సోర్స్‌ని లిమిటర్ ఎంత లాగినా వంచలేదు, మాడ్యులేషన్ నిక్షేపంలా కనిపిస్తుంది. రీడర్ కాయిల్, ట్యాగ్ కాయిల్ రెండూ పెట్టి మధ్యలో కప్లింగ్ ఇచ్చి, ఆ కప్లింగ్‌ని పెంచుకుంటూ పోండి, బోర్డు మీద చూసిందే స్క్రీన్ మీద కనిపిస్తుంది.

ఇక ప్రోబ్ సంగతి. మీ కాయిల్ 2.75 మైక్రోహెన్రీ, కెపాసిటర్ 50 పికోఫారడ్ అనుకుందాం, ప్రోబ్ ఇంకో 12 పికోఫారడ్ కలిపితే ట్యూనింగ్ 13.56 నుంచి 12.2 మెగాహెర్ట్జ్ దగ్గరికి జారిపోతుంది, అందుకే దూరంలో కూడా ఆగిపోతోంది. కాయిల్‌ని తాకకండి, వైరుతో ఒక చుట్టు లూప్ చేసి ప్రోబ్‌కి తగిలించి పక్కన పెట్టి చూడండి.