మట్టి గరిటెను పార అనవచ్చా?

సందేహం: మా బడిలో ఐదారేళ్ల పిల్లల చేత తోటపని చేయిస్తున్నాం. పనిముట్ల పెట్టెలో మట్టి తవ్వి ఎత్తే ట్రోవెల్ అనే చిన్న చేతి పనిముట్టు ఉంది. దానికి నిఘంటువులో ‘తాపీ’ అని ఉంది. ‘పిల్ల పార’ అని రాయవచ్చా? ‘తోటకూర విత్తనాలు నాటాం’ అని పలక మీద రాస్తే ఒక పెద్దాయన తప్పన్నారు. నిజమేనా?

సమాధానం: తాపీ వద్దు. అది సిమెంటు పూసే మేస్త్రి చేతిలోది. దాని రేకు చదును కాబట్టి పొడి మట్టి నిలవదు. మీ పెట్టెలోనిది దోసిలిలా గుంటగా ఉంటుంది.

పార కూడా అతకదు. మన పార రేకు కామకు అడ్డంగా, లోపలికి వంగి ఉంటుంది. పైకెత్తి వేసి మన వైపు లాక్కుంటాం. ట్రోవెల్ రేకు పిడికి తిన్నగా ఉంటుంది, గుచ్చి ఎత్తాలి. ఇంట్లో పార పని చూసిన పిల్లకు దీన్ని ‘పార’ అని ఇస్తే అలాగే వేసి లాగుతుంది. గట్టి నేలైతే రేకూ పిడీ కలిసే మెడ దగ్గర వంగిపోతుంది. నన్నడిగితే ‘మట్టి గరిటె’ అనండి, తెలంగాణలో ‘మట్టి గంటె’. పక్కనే ఉండే, ముళ్లలా పళ్లున్న పనిముట్టుకు ‘ముళ్ల గరిటె’ సరిపోతుంది. ఆ మాట అన్నం బల్ల మీది ఫోర్కుకు ఎప్పుడో వచ్చేసింది, తోటలోకి రావడానికి అభ్యంతరం ఏముంది?

గరిటె మొత్తం పొడవు 20–25 సెం.మీ. చాలు. పిడి చుట్టూ పట్టుకుంటే పిల్ల బొటనవేలు చూపుడువేలికి తగలాలి. అంతకన్నా లావైతే పట్టు జారుతుంది.

నిజంగా పారే ఇస్తున్నారా? అప్పుడు ‘పిల్లల పార’ లేదా ‘చిట్టి పార’ అనండి. ‘పిల్ల కాలువ’ అంటే పెద్ద కాలువ నుంచి చీలిన చిన్నది, ‘పిల్ల పార’కు ఆ అర్థం కుదరదు. అన్నట్టు, పెద్ద పార కామను కోసి పొట్టి చేస్తే పిల్లల పార కాదు. రేకు బరువు అలాగే ఉండి, ఎత్తినప్పుడు ముందుకు తూలి కాలి మీద పడుతుంది. రేకు కూడా చిన్నదై, అంచు మొద్దుగా ఉండాలి. కామ, పిడి ఒకటి కాదని కూడా పిల్లలకు చెప్పండి: గొడ్డలికీ పారకూ కామ, కొడవలికీ గరిటెకూ పిడి.

ఇక ‘నాటడం’. ఆ పెద్దాయన మాటలో సగం నిజముంది. నాటడమంటే లోపలికి దిగేలా గుచ్చి నిలపడం. ముల్లు నాటుకుంది అనడం లేదూ! చిక్కుడు గింజను వేలి మొదటి కణుపు దాకా, అంటే సుమారు 2 సెం.మీ. లోతున దింపుతాం కనుక ‘నాటాం’ తప్పు కాదు, ‘గింజ పెట్టాం’ ఇంకా సహజం. తోటకూర మాత్రం చల్లేది. ఆవగింజకన్నా చిన్న విత్తనం అది. పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన అర సెం.మీ.కు మించకుండా మట్టి జల్లాలి. ‘నాటండి’ అని మీరంటే పిల్లలు మాట తప్పరు, వేలితో అడుక్కి నొక్కేస్తారు. అంత లోతు నుంచి ఆ చిన్న మొలక పైకి రాలేదు. వారమైనా మడి బోసిగా కనిపిస్తే తప్పు విత్తనాలది కాదు, క్రియాపదానిది.

వంగ, టమాటాలకు ‘నారు పోశాం’ అనాలి. నాలుగు వారాలకు ఆ నారు తీసి ‘మొక్కలు నాటాం’ అనాలి. మందార కొమ్మనైతే ‘పాతాం’ లేదా ‘గుచ్చాం’.

నీళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. పొలానికి నీళ్లు పెడతాం, మొక్కకు పోస్తాం, కొత్తగా విత్తిన మడికి చల్లుతాం. ఆ మడికి ‘నీళ్లు పొయ్యి’ అన్నారో, పిల్ల చెంబు వంచేస్తుంది. విత్తనాలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయి అక్కడే గుత్తిగా మొలుస్తాయి. మూతకు సన్న చిల్లులున్న లీటరు డబ్బా ఇచ్చి ‘చల్లు’ అనండి. లీటరు నీళ్లు కిలో బరువు, ఐదేళ్ల చేతికి అంతకు మించి వద్దు.